ఈమెయిల్ గ్రూపు: ఒక్క ఉత్తరం, వెయ్యి నకళ్లు

"దయచేసి నన్ను ఈ గ్రూపులోంచి తీసేయండి."

ఏ ఈమెయిల్ గ్రూపులోనైనా కొన్నాళ్లు ఉన్నవాళ్లకు ఈ ఒక్క లైను మెయిల్ బాగా తెలుసు. రాసినాయన అడ్మిన్‌కు రాశాననే అనుకుంటాడు. అది వెళ్లేది మాత్రం గ్రూపులో ఉన్న అందరికీ. కాసేపటికి ఇంకొకరు "నన్ను కూడా" అంటారు. మరొకాయనకు ఒళ్లు మండి "అందరికీ రిప్లై కొట్టకండి బాబూ" అని అందరికీ రిప్లై కొడతాడు. సాయంత్రానికి అసలు విషయం మీద ఒక్క మెయిలూ ఉండదు, ఈ గొడవ మీద మాత్రం నలభై ఉంటాయి.

కంప్యూటర్ రానివాళ్లు చేసే పని ఇదని తీసిపారేయడానికి లేదు. 1997 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులే ఇందులో చిక్కుకున్నారు. 'బెడ్‌లామ్ డీఎల్3' అనే లోపలి లిస్టులో వేలమంది పేర్లున్నాయి. అందులో తన పేరెందుకుందని ఒకరు అడిగారు, "నాదీ తీసేయండి" అంటూ మిగతావాళ్లు అందరికీ రాశారు, మెయిల్ సర్వర్లు చేతులెత్తేశాయి. ఆ మెయిల్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేదీ వాళ్లే! 2016 నవంబర్‌లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌లోనూ ఇంతే. ఒక టెస్ట్ మెయిల్ ఎనిమిది లక్షలకు పైగా ఖాతాలకు వెళ్లింది. దానికి జనం రిప్లై ఆల్ కొట్టడం మొదలుపెట్టాక మెయిల్ వ్యవస్థ మొత్తం నత్తనడక నడిచింది.

చిక్కు ఎక్కడుందంటే, గ్రూపు అనగానే మన మనసులో రచ్చబండ లాంటి చోటు మెదులుతుంది. అక్కడికి వెళ్తాం, నాలుగు మాటలు మాట్లాడతాం, లేచి వచ్చేస్తాం. ఈమెయిల్ గ్రూపుకు అలాంటి చోటు లేదు. ఉన్నది ఒక చిరునామా, దాని వెనక సభ్యుల జాబితా, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ జాబితాలోని ప్రతి ఒక్కరికీ నకలు తీసి పంపే ఒక ప్రోగ్రాం. అంతే. వెయ్యిమంది ఉన్న గ్రూపులో రోజుకు పది మెయిళ్లు వస్తే పదివేల నకళ్లు బయటికి వెళ్తాయి. ఒకసారి వెళ్లిన నకలును రాసినవాళ్లే కాదు, అడ్మిన్ కూడా వెనక్కి తేలేడు. చేరడం దగ్గర్నుంచి మూసేయడం దాకా గ్రూపుల్లో వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి మూలం ఇదే.

మనుషులకో చిరునామా, యంత్రానికో చిరునామా

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1975లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మీద ఎంఎస్‌జీగ్రూప్ అనే చర్చా గ్రూపు మొదలైంది. ఈ తరహాలో తొలినాటి గ్రూపుల్లో అదొకటి. అందులో జనం వాదించుకున్నది ఈమెయిల్ ఎలా ఉండాలన్న దాని మీదే. 1970ల చివరికి అదే నెట్‌వర్క్ మీద ఎస్ఎఫ్-లవర్స్ పేరుతో సైన్స్ ఫిక్షన్ అభిమానుల గ్రూపు నడిచింది. పరిశోధన కోసమని వేసిన తీగల మీద ఇష్టాయిష్టాల కబుర్లు చేరడానికి అట్టే కాలం పట్టలేదన్నమాట.

అప్పట్లో జాబితాను ఒక మనిషి చూసుకునేవాడు. చేరాలన్నా మానుకోవాలన్నా ఆయనకు విడిగా రాయాలి. అందుకోసం గ్రూపు పేరు పక్కన 'రిక్వెస్ట్' అని తగిలించి ఇంకో చిరునామా పెట్టేవాళ్లు. 1986లో ఎరిక్ థామస్ అనే విద్యార్థి రాసిన లిస్ట్‌సర్వ్ ఈ పనిని ప్రోగ్రాంకు అప్పగించింది. 1992లో బ్రెంట్ చాప్‌మన్ రాసిన మేజర్‌డొమో వచ్చింది, ఆ తర్వాత జీఎన్‌యూ మెయిల్‌మ్యాన్. వీటన్నిటిలోనూ చేరడానికీ మానడానికీ యంత్రం చిరునామాకు ఒక ఆదేశం రాసి పంపాలి, మెయిల్‌మ్యాన్‌లోనైతే వెబ్ పేజీలోనూ ఆ పని చేసుకోవచ్చు. మనుషులకు రాసే చిరునామా వేరు. రెండూ చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "నన్ను తీసేయండి" అన్న మెయిల్ తప్పుడు గుమ్మంలో పడటం అప్పుడే మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు.

దీనికి విరుగుడుగా 1998లో ఒక ప్రమాణం వచ్చింది. గ్రూపు నుంచి వెళ్లే ప్రతి మెయిల్ తలభాగంలో, మనకు మామూలుగా కనపడని చోట, ఎలా చేరాలి, ఎలా మానాలి, యజమానిని ఎక్కడ పట్టుకోవాలి అన్న వివరాలు ఉండాలని చెప్పింది. జీమెయిల్‌లో పంపినవారి పేరు పక్కన 'అన్‌సబ్‌స్క్రైబ్' అని ఒక మాట కనపడుతుందే, అది ఈ వివరాల నుంచి తీసుకున్నదే. 2017లో దానికి ఇంకో మెరుగు దిద్దారు, దాని వెనక కారణం సరదాగా ఉంటుంది. మెయిల్‌లో వైరస్ ఉందేమో చూసే ప్రోగ్రాంలు మెయిల్‌లోని లింకులన్నిటినీ తామే తెరిచి చూస్తాయి. అలా చూస్తూ చూస్తూ అన్‌సబ్‌స్క్రైబ్ లింకునూ తెరిస్తే, సభ్యుడికి తెలియకుండానే గ్రూపు నుంచి పేరు పోతుంది. అందుకే లింకు ఊరికే తెరిచినంత మాత్రాన పేరు తీసేయకుండా, మెయిల్ ప్రోగ్రాం విడిగా ఒక అభ్యర్థన పంపితేనే తీసేసేలా మార్చారు.

చేరేటప్పుడు

ముందు ఏ చిరునామాతో చేరాలో తేల్చుకోండి. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, గ్రూపు మిమ్మల్ని గుర్తుపట్టేది పేరుతో కాదు, చిరునామాతో. సొంత మెయిల్‌తో చేరి, ఆఫీసు మెయిల్ నుంచి రాస్తే గ్రూపు దృష్టిలో మీరు పరాయివాళ్లు. ఆ ఉత్తరం, మెయిళ్లను చూసి వదిలే మోడరేటర్ దగ్గర ఆగిపోతుంది, లేదా వెనక్కి వస్తుంది. "నా మెయిళ్లు ఎందుకు ఆపుతున్నారు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఇదే.

చేరగానే మామూలుగా ఒక నిర్ధారణ మెయిల్ వస్తుంది. దానికి బదులివ్వకపోతే సభ్యత్వం మొదలవదు. అది స్పామ్‌లో పడి, "నేను చేరాను కదా, ఒక్క మెయిలూ రాలేదేం" అని వారాలపాటు ఎదురుచూసేవాళ్లూ ఉంటారు. విసుగ్గా ఉన్నా ఈ మెట్టు ఉండి తీరాలి. ఇది లేకపోతే, మీమీద కోపమున్న ఎవరో మీ చిరునామాను ఒకేసారి వందల గ్రూపుల్లో పడేయగలరు. మీ ఇన్‌బాక్స్ కొట్టుకుపోతుంది. నిజంగా చేసేవాళ్లున్నారు, ముఖ్యంగా బ్యాంకు నుంచి వచ్చే హెచ్చరిక మెయిల్ కనపడకుండా దాచడానికి.

ఆ తర్వాత వచ్చే స్వాగత మెయిల్‌ను ఎవరూ చదవరు. చదవకపోయినా తీసేయకండి, నక్షత్రం గుర్తు పెట్టి దాచుకోండి. మానుకునే దారి, సెట్టింగుల లింకు, నియమాలు అన్నీ అందులోనే ఉంటాయి. రెండేళ్ల తర్వాత వాటి కోసం వెతుక్కుంటారు.

సెట్టింగుల్లో సాధారణంగా మూడు దారులుంటాయి. ప్రతి మెయిలూ విడివిడిగా రావడం ఒకటి, రోజుకోసారి అన్నీ కలిపి డైజెస్ట్‌గా రావడం ఇంకోటి, మెయిల్ అసలే రాకుండా, గ్రూపు పాత మెయిళ్లన్నీ దాచి ఉండే ఆర్కైవ్‌లో మాత్రమే చదువుకోవడం మూడోది. చదివి ఊరుకునేవాళ్లకు డైజెస్ట్ హాయి. రాసేవాళ్లకు మాత్రం అది సుఖం లేని బేరం, ఎందుకో కాసేపట్లో చెబుతాను. గోల భరించలేక అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వాళ్లలో చాలామందికి నిజానికి కావలసింది మూడో దారి.

నా మటుకు నాకు వీటన్నిటికన్నా మంచి పద్ధతి ఫిల్టర్. గ్రూపు మెయిళ్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి వాటంతటవే వెళ్లిపోతే, తీరిక ఉన్నప్పుడు తెరుచుకోవచ్చు. అయితే సబ్జెక్ట్‌లో కనపడే గ్రూపు పేరును పట్టుకుని ఫిల్టర్ పెట్టకండి. గ్రూపులో ఎవరో మీకు విడిగా రాసిన జవాబులోనూ ఆ పేరు ఉంటుంది, అది కూడా ఫోల్డర్‌లోకి వెళ్లిపోయి నెల తర్వాత కనపడుతుంది. 2001 నుంచి ప్రమాణంగా ఉన్న లిస్ట్-ఐడీ అనే గుర్తు తలభాగంలో ఉంటుంది, అది గ్రూపు పంపిన నకళ్లకు మాత్రమే ఉంటుంది. జీమెయిల్‌లో ఒక గ్రూపు మెయిల్ తెరిచి 'ఇలాంటి మెసేజ్‌లను ఫిల్టర్ చేయి' అంటే అది పట్టుకునేది ఈ గుర్తునే.

ఎన్నాళ్లు చదివాక రాయడం మొదలుపెట్టాలి? 1995లో వచ్చిన ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఒకటి, రాసేముందు ఒకటి రెండు నెలలు ఊరికే చదవమంది. ఇప్పుడు అంత ఓపిక ఎవరికీ లేదు, అక్కర్లేదు కూడా. రెండు వారాలు చదివి, మీ ప్రశ్నను ముందు ఆర్కైవ్‌లో వెతికి చూస్తే చాలు.

రాసేటప్పుడు

పాత గడియారాలు బాగుచేసుకునేవాళ్ల గ్రూపు ఒకటి ఉందనుకుందాం. అందులో ఒకరు "సాయం కావాలి" అన్న సబ్జెక్ట్‌తో "నా గడియారం సరిగా నడవట్లేదు, ఏం చెయ్యాలి" అని రాశారు. జవాబు చెప్పగలిగినవాళ్లు గ్రూపులో నలుగురో ఐదుగురో ఉంటారు. వాళ్లు సబ్జెక్ట్ చూసి తెరవాలా వద్దా అని తేల్చుకుంటారు. ఇది తెరవరు. ఇంకొకరు "గోడ గడియారం: స్ప్రింగ్ మార్చాక రోజుకు పది నిమిషాలు వెనకపడుతోంది" అని రాశారు. లోపల ఏ రకం గడియారం, లోలకం పొడవు ఎంత, నూనె ఎప్పుడు వేశారు, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు అని నాలుగు వాక్యాలు. దీనికి సాయంత్రంలోగా మూడు జవాబులొస్తాయి. అందులో ఒకరు లోలకం కింద ఉండే చిన్న నట్టును పైకి బిగించి చూడమంటారు. లోలకం పొడవు తగ్గితే గడియారం వేగం పెరుగుతుంది కాబట్టి.

ఆ నట్టు బిగిస్తే పని జరిగిందా లేదా అన్నది చాలామంది రాయరు. అది రాయండి. గ్రూపులోని ఇవాళ్టి సభ్యుల కోసం మాత్రమే కాదు, ఐదేళ్ల తర్వాత ఇదే చిక్కుతో ఆర్కైవ్‌లో వెతికేవాళ్ల కోసం. చాట్ గ్రూపుకూ ఈమెయిల్ గ్రూపుకూ ఉన్న అసలు తేడా ఇదేనంటాను. చాట్‌లో మాట గంటకే పైకి జరిగిపోతుంది. పైగా వాట్సాప్ లాంటి చోట చేరాలంటే మామూలుగా ముక్కూమొహం తెలియనివాళ్లకు ఫోన్ నంబర్ ఇచ్చుకోవాలి. ఈమెయిల్‌లో తాపీగా ఆలోచించి, నాలుగు పేరాలు రాసి, ఫొటో జతచేసి, రేపు పంపినా ఏమీ కాదు. తొందర ఉన్న పనులకు మాత్రం ఈమెయిల్ గ్రూపు దండగ.

ఫొటో అన్నాను కాబట్టి ఒక లెక్క. మూడు ఎంబీల ఫొటో వెయ్యిమందికి వెళ్తే మూడు జీబీలు. జతచేసిన ఫైలును మెయిల్ కోసం అక్షరాల్లోకి మార్చేటప్పుడు అది మూడో వంతు పెరుగుతుంది, అంటే నాలుగు జీబీలు. ఒక్క స్క్రూ ఫొటో కోసం! చిన్నది చేసి పంపండి, లేదా ఎక్కడైనా పెట్టి లింకు ఇవ్వండి.

జీమెయిల్ వాడేవాళ్లకు ఇంకో వింత ఎదురవుతుంది. గ్రూపుకు రాసిన మెయిల్ మిగతా అందరికీ అందుతుంది, మీ ఇన్‌బాక్స్‌లోకి మాత్రం తిరిగి రాదు. పంపినది మీ దగ్గర ఇప్పటికే ఉంది కదా అని జీమెయిల్ రెండో నకలును చూపించదు. అది తెలియక, వెళ్లలేదేమోనని టెన్షన్ పడి మళ్లీ పంపుతారు, ఇంకోసారి పంపుతారు. గ్రూపుకు ఒకే ప్రశ్న మూడుసార్లు అందుతుంది. అనుమానం వస్తే ఆర్కైవ్ తెరిచి చూడండి.

ఇప్పుడు డైజెస్ట్ సంగతి. ఇరవై మెయిళ్లు కలిపిన కట్టకు రిప్లై కొడితే, సబ్జెక్ట్‌లో "డైజెస్ట్, సంపుటి 12, సంచిక 7" అని ఉంటుంది. ఏ ప్రశ్నకు జవాబో ఎవరికీ తెలియదు. పైగా కింద ఇరవై మెయిళ్లూ మళ్లీ వేలాడుతుంటాయి. పైన "థాంక్యూ, బాగా చెప్పారు" అని రెండు ముక్కలు. కాబట్టి డైజెస్ట్ నుంచి రాయాలంటే సబ్జెక్ట్ మార్చి, మీరు జవాబిస్తున్న నాలుగు లైన్లు మాత్రం ఉంచి, మిగతాది కొట్టేయాలి. మామూలు మెయిల్‌కైనా ఇదే మంచి అలవాటు. కొట్టేయడంలో మీ సొంత లాభమూ ఉంది. కొన్ని సర్వీసులు ప్రతి సభ్యుడికీ అతని పేరుమీదే ఒక అన్‌సబ్‌స్క్రైబ్ లింకును మెయిల్ అడుగున పెడతాయి. ఆ అడుగుభాగంతో సహా మీరు జవాబిస్తే, ఎవరో "నన్ను తీసేయండి" అనుకునే పెద్దమనిషి ఆ లింకు నొక్కుతాడు. పోయేది మీ పేరు.

కొత్త ప్రశ్న అడగడానికి ఏదో పాత మెయిల్ తెరిచి, రిప్లై కొట్టి, సబ్జెక్ట్ మార్చడం ఇంకో దురలవాటు. చిరునామా టైపు చేసే శ్రమ తప్పుతుందని అలా చేస్తారు. మెయిల్ ప్రోగ్రాంలు ఏది దేనికి జవాబో సబ్జెక్ట్ చూసి మాత్రమే తేల్చవు. ప్రతి మెయిల్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, జవాబులో ఆ సంఖ్య దాగి ఉంటుంది. థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాంలు దాన్ని పట్టుకుని మీ కొత్త ప్రశ్నను పాత థ్రెడ్ (ఒక మెయిల్, దాని జవాబుల వరుస) మధ్యలో దూరుస్తాయి. జీమెయిల్ మాత్రం సబ్జెక్ట్ మారితే కొత్త థ్రెడ్ కడుతుంది. అందుకే మీకు బాగానే కనపడుతుంది, ఎదుటివాళ్లకు కనపడదు. ఆ పాత థ్రెడ్‌తో విసిగిపోయి దాన్ని మ్యూట్ చేసుకున్నవాళ్లకైతే మీ ప్రశ్న చేరనే చేరదు.

రిప్లై ఎవరికి వెళ్లాలి?

గ్రూపు నడిపేవాళ్లు చేసే నిర్ణయాల్లో ఇంత చిన్నదీ, ఇన్ని పర్యవసానాలున్నదీ ఇంకోటి లేదు. సభ్యుడు మామూలుగా రిప్లై నొక్కితే ఆ జవాబు అసలు మెయిల్ రాసినవాళ్లకు మాత్రమే వెళ్లాలా, గ్రూపు మొత్తానికి వెళ్లాలా? దశాబ్దాలుగా దీనిమీద రెండు వర్గాలు కత్తులు దూసుకుంటున్నాయి.

గ్రూపుకే వెళ్లాలనేవాళ్ల వాదన: లేకపోతే మంచి జవాబులన్నీ ఇద్దరి మధ్యే ఉండిపోతాయి, ఆర్కైవ్‌లో ప్రశ్నలు మాత్రమే మిగులుతాయి. నిజమే. రాసినవాళ్లకే వెళ్లాలనేవాళ్ల వాదన నకళ్ల గురించి. ఒకరికే అనుకుని రాసింది అందరికీ వెళ్తే దిద్దుకునే దారి లేదు. అందరికీ అనుకున్నది ఒకరికే వెళ్తే మళ్లీ ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది. జీమెయిల్‌లో 'అన్‌డూ' ఉంది కదా అనకండి. అది వెళ్లినదాన్ని వెనక్కి తేదు, గరిష్ఠంగా 30 సెకన్లు పంపకుండా ఆపి ఉంచుతుంది, అంతే. ఎవరిమీదో చిరాకుతో రాసిన రెండు లైన్లు వాళ్లతో సహా అందరికీ వెళ్లిపోయాయని తెలిసేసరికి ఆ 30 సెకన్లు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

నా అభిప్రాయం అడిగితే, సభ్యుల సంఖ్యను, విషయాన్ని చూసి తేల్చుకోవాలి. ఒకే ఆసక్తి ఉన్న యాభై అరవై మంది చిన్న గ్రూపులో జవాబులు గ్రూపుకు వెళ్తేనే చర్చ బతుకుతుంది. ఆరోగ్యం, కుటుంబం లాంటి సున్నితమైన విషయాల గ్రూపుల్లో, వేలమంది ఉన్నచోట్ల, రాసినవాళ్లకే వెళ్లేలా పెట్టడం మేలు. ఏది పెట్టినా దాన్ని స్వాగత మెయిల్ మొదటి పేరాలో చెప్పాలి, మధ్యలో మార్చకూడదు. అలవాటుపడిన చేతులు కొత్త నియమాన్ని గుర్తుపెట్టుకోవు.

నడిపేవాళ్ల నెత్తిన పడేవి

చాలా గ్రూపులు ముందు సీసీలో పదిహేను మంది పేర్లతో మొదలవుతాయి. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. తర్వాత ఎవరో పాత మెయిల్‌కు జవాబిస్తారు, కొత్తగా చేరిన ఇద్దరి పేర్లు రాలిపోతాయి. ఎవరో మానుకోవాలనుకుంటారు, దారి ఉండదు. అందరి చిరునామాలూ అందరికీ కనపడుతుంటాయి. అప్పుడే గ్రూపు సర్వీసు అవసరమవుతుంది. గూగుల్ గ్రూప్స్, గ్రూప్స్ డాట్ ఐవో లాంటివి ఉన్నాయి. సొంత సర్వర్ ఉన్నవాళ్లు మెయిల్‌మ్యాన్ పెట్టుకోవచ్చు. కానీ సర్వర్ బాగోగులు చూసే ఓపిక లేకపోతే ఆ జోలికి పోవద్దు. కారణం తర్వాత చెబుతాను.

సభ్యుల్ని వాళ్లనడక్కుండా చేర్చేయకండి. తెలిసినవాళ్లే కదా అనిపిస్తుంది. కానీ తాను అడగని మెయిల్ వచ్చినప్పుడు జనం అన్‌సబ్‌స్క్రైబ్ కోసం వెతకరు, స్పామ్ అని నొక్కుతారు. ఆ నొక్కు మీ గ్రూపుకే దెబ్బ. మెయిల్ సర్వీసులు దాన్ని లెక్కపెట్టుకుంటాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దఎత్తున మెయిల్ పంపేవాళ్లకు పెట్టిన నియమాల్లో స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం మించకూడదని ఉంది. గూగుల్ లెక్కలో పెద్దఎత్తున అంటే జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లు. వెయ్యిమంది గ్రూపు, పది మెయిళ్లు: పదివేల నకళ్లు. అందులో సగం జీమెయిల్‌కే వెళ్తే మీరూ ఆ గీత దగ్గర నిలబడ్డట్టే. 0.3 శాతం అంటే వెయ్యి నకళ్లకు మూడు ఫిర్యాదులు. ఊరికే చేర్చేసిన బంధుమిత్రుల్లో ముగ్గురు దొరక్కపోరు.

మెయిల్ చేరడం గురించి ఇంకో కథ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది సభ్యులకు పూర్తిగా మాయలా అనిపిస్తుంది. దొంగ మెయిళ్లను ఆపడానికి డీమార్క్ అని ఒక పద్ధతి ఉంది. ఫలానా సంస్థ చిరునామా పేరుతో వచ్చిన మెయిల్‌ను నిజంగా ఆ సంస్థ సర్వరే పంపిందా, మధ్యలో ఎవరైనా మార్చారా అని అది చూస్తుంది. గ్రూపు చేసేది సరిగ్గా ఆ రెండు 'నేరాలే'. మీ పేరుమీద తన సర్వర్ నుంచి పంపుతుంది, సబ్జెక్ట్‌లో గ్రూపు పేరూ అడుగున లింకూ చేర్చి మెయిల్‌ను మారుస్తుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ ఈ పరీక్షలో తప్పినవాటిని తిప్పికొట్టమని ప్రపంచానికి చెప్పింది. ఏమైందో చూడండి. యాహూ చిరునామా ఉన్న సభ్యుడు గ్రూపుకు రాస్తాడు. గ్రూపు ఆ నకళ్లను అందరికీ పంపుతుంది. ఆ నియమాన్ని పాటించే సర్వీసులు వాటిని తిప్పికొడతాయి. మెయిల్ తిరిగొస్తోంది కాబట్టి ఈ చిరునామాలు పనిచేయట్లేదనుకుని గ్రూపు ప్రోగ్రాం జీమెయిల్ సభ్యుల్ని, హాట్‌మెయిల్ సభ్యుల్ని పక్కన పెట్టేస్తుంది. రాసింది యాహూ సభ్యుడు, వేటు పడింది చదివేవాళ్ల మీద. అప్పట్లో గ్రూపులు నడిపినవాళ్లకు నెలలపాటు ఇదే పని.

దానికి దొరికిన తాత్కాలిక పరిష్కారమే ఇప్పటికీ నడుస్తోంది. పంపినవారి చోట మీ చిరునామా బదులు గ్రూపు చిరునామా పెట్టి, పేరు మాత్రం "ఫలానా గ్రూపు ద్వారా ఫలానావారు" అని చూపిస్తారు. దానివల్ల ఇంకో తిరకాసు: కొన్ని మెయిల్ ప్రోగ్రాంలు ఆ పేరుకు గ్రూపు చిరునామాను జతచేసి మీ కాంటాక్ట్స్‌లో దాచుకుంటాయి. తర్వాతెప్పుడో ఆయనకు విడిగా రాద్దామని పేరు మొదలుపెడితే చిరునామా గ్రూపుది వస్తుంది. పంపేముందు ఒకసారి చూసుకోవాల్సిందే. సొంత సర్వర్ జోలికి పోవద్దన్నది కూడా ఇందుకే. ఇలాంటి మార్పులు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి, వాటి వెంట పరుగెత్తేది మీరే.

మోడరేషన్ విషయానికొస్తే, అన్ని మెయిళ్లనూ చదివి వదలాలనుకునే అడ్మిన్లు త్వరగా అలసిపోతారు. గ్రూపూ చచ్చుబడుతుంది, ఎందుకంటే పొద్దున అడిగిన ప్రశ్న రాత్రికి బయటికొస్తే సంభాషణ సాగదు. కొత్త సభ్యుల మొదటి ఒకటి రెండు మెయిళ్లను మాత్రం ఆపి చూస్తే చాలు. స్పామ్ పంపేవాళ్లలో దాదాపు అందరూ అక్కడే దొరికిపోతారు. చేరేటప్పుడు "మీకు ఈ గ్రూపు విషయంలో ఏ ఆసక్తి ఉంది" అని ఒక్క ప్రశ్న పెడితే ఇంకా తగ్గుతారు. ఆపిన మెయిల్‌ను వెనక్కి పంపితే కారణం రెండు వాక్యాల్లో రాయండి. కారణం చెప్పకుండా పారేస్తే, ఆ మనిషి ఇంకో మూడుసార్లు పంపి, చివరికి అడ్మిన్ నియంత అని వేరేచోట రాస్తాడు.

గొడవలు తప్పవు. రాతలో గొంతు వినపడదు, వెటకారం నిజంలా, నిజం వెటకారంలా చదువుకుంటారు. పైగా ఒక మాటకు ఇద్దరు తగువులాడుకుంటే ఆ తగువు నకళ్లు వెయ్యి ఇన్‌బాక్సుల్లో పడతాయి. చూసీచూడనట్టు వదిలేస్తే మాట్లాడకుండా చదువుకునేవాళ్లు ముందు వెళ్లిపోతారు, వాళ్లు వెళ్లినట్టు కూడా తెలియదు. అడ్మిన్ ముందు ఆ ఇద్దరికీ విడిగా రాయాలి. ఆగకపోతే గ్రూపుకు ఒక్క మెయిల్: "ఈ థ్రెడ్ ఇక్కడితో ఆపుతున్నాం." ఎవరిది తప్పో తేల్చే తీర్పు ఆ మెయిల్‌లో ఉండకూడదు. చర్చలో తానూ ఒక పక్షమై గెలవాలనుకునే అడ్మిన్ ఇంకో మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి దిగిపోవడం నయం.

గొడవలకన్నా ఎక్కువ గ్రూపుల్ని చంపేది నిశ్శబ్దం. ఏ గ్రూపులోనైనా వందలో తొంభైమంది చదివేవాళ్లే, ఒకరిద్దరే ఎక్కువగా రాసేవాళ్లు అని ఒక మోటు లెక్క ప్రచారంలో ఉంది. అంకెలు అటూఇటూ అవుతాయి గానీ తీరు మాత్రం అదే. రాసే ఆ ఇద్దరు ముగ్గురూ మానేస్తే గ్రూపు ఆగిపోతుంది. నిశ్శబ్దం భరించలేక చాలామంది అడ్మిన్లు వార్తల లింకులు, ఫార్వర్డులు పంపుతుంటారు. అవి చదివి ఎవరూ జవాబివ్వరు, ఇవ్వడానికి ఏమీ ఉండదు. దానికన్నా అడ్మిన్ తనకు నిజంగా తెలియని ఒక ప్రశ్న అడగడం మేలు. జవాబు తెలిసిన మనిషికి విడిగా "మీరు చూశారా" అని ఒక ముక్క రాస్తే ఇంకా మేలు.

పాత ఉత్తరాలు ఎవరివి?

ఆర్కైవ్ ఎవరికి కనపడుతుందో చేరేటప్పుడే చూసుకోవాలి. కొన్ని గ్రూపుల ఆర్కైవ్ బహిరంగం, సెర్చ్ ఇంజిన్లకు దొరుకుతుంది. మెయిల్ కింద అలవాటుగా వచ్చే మీ సంతకం, ఫోన్ నంబర్, ఆఫీసు పేరు అన్నీ అందులో ఉండిపోతాయి. తీసేయమని అడ్మిన్‌ను అడగవచ్చు, తీసేస్తాడు కూడా. అప్పటికే వెళ్లిన నకళ్లు మాత్రం వెళ్లినట్టే.

రెండో వైపు, ఆర్కైవ్ ఒక్కచోటే ఉంటే అది ఒక్కరోజులో పోగలదు. యాహూ 2000లో ఈగ్రూప్స్ అనే గ్రూపుల సర్వీసును కొన్నాక యాహూ గ్రూప్స్ చాలాకాలం ఈ రంగంలో పెద్దదిగా నడిచింది. 2019 అక్టోబర్‌లో కొత్తగా ఏదీ పెట్టనివ్వబోమని, పాతవన్నీ తుడిచేస్తామని ప్రకటించింది. మొదట డిసెంబర్ 14 గడువన్నది, తర్వాత 2020 జనవరి 31 దాకా పొడిగించింది. చాలా ఏళ్ల చర్చలు, ఫొటోలు, ఫైళ్లు దింపుకోవడానికి అడ్మిన్లకు కొద్ది నెలలే దొరికాయి. అడ్మిన్ ఎప్పుడో ఖాతా వదిలేసిన గ్రూపులకైతే దింపుకునే నాథుడే లేడు. 2020 డిసెంబర్ 15న మెయిల్ పంపడమూ ఆగిపోయింది. ఈగ్రూప్స్‌లో కలిసిన వన్‌లిస్ట్ అనే సర్వీసును మొదలుపెట్టిన మార్క్ ఫ్లెచర్, 2014లో గ్రూప్స్ డాట్ ఐవో పెట్టారు. అప్పట్లో యాహూ నుంచి తరలిన గ్రూపుల్లో చాలా అక్కడే తేలాయి.

కాబట్టి గ్రూపు నడిపేవాళ్లు రెండు పనులు ముందే చేసుకోవాలి. యజమాని హోదా కనీసం ఇద్దరికి ఉండాలి, ఇద్దరూ వేర్వేరు చిరునామాలతో. ఒకరి ఖాతా పోయినా, ఓపిక పోయినా రెండోవారు ఉంటారు. ఆరు నెలలకోసారి సభ్యుల జాబితానూ ఆర్కైవ్‌నూ దింపి దాచాలి. జాబితాలో ఉన్నవి ఇతరుల చిరునామాలు కాబట్టి అది ఎవరికీ అందని చోట ఉండాలి.

ఇంకోచోటికి మారాల్సివస్తే పాత గ్రూపును ఒక్కసారిగా తీసేయకండి. కొత్తగా రాయడం ఆపి, చదవడానికి మాత్రం ఉంచండి. జాబితా చేతిలో ఉంది కదా అని అందరినీ కొత్తదాంట్లోకి ఎత్తిపోయవద్దు, ఆహ్వానం పంపండి. సగం మంది రాకపోవచ్చు. వాళ్లలో చాలామంది పాత గ్రూపునూ ఏళ్లుగా తెరవనివాళ్లే. వచ్చినవాళ్లకు పంపే మొదటి మెయిల్‌లో మూడు సంగతులు ఉంటే సరిపోతుంది: ఇక్కడ రిప్లై ఎవరికి వెళ్తుంది, మానుకోవాలంటే ఎక్కడ నొక్కాలి, పాత ఉత్తరాలు ఎక్కడ దొరుకుతాయి.